గైడ్ సంప్రదాయాలు: బాలికలు వాటిని ఎలా నేర్చుకుంటారు, మనం ఎలా నేర్పాలి

సారాంశం

బాలికల గైడ్ ఉద్యమానికి సొంత పదజాలం ఉంది. వందనం, ప్రతిజ్ఞ, కరచాలనం, వేడుకలు ఉన్నాయి. అచ్చయిన చేతిపుస్తకాలు, ప్రతిజ్ఞా పాఠాలు, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పాఠ్యక్రమం, చరిత్రకారుల రచనలు ఆధారంగా ఈ వ్యాసం రెండు విషయాలను ముందుకు తెస్తుంది. ఒకటి, ఈ సంప్రదాయాల్లో చాలావాటికి పుట్టిన సంవత్సరమూ మారిన సంవత్సరమూ తెలుసు. వాటిని అనాదిగా వస్తున్న ఆచారాలుగా బోధించడానికి ఆధారం లేదు. రెండు, వాటి అర్థం చిన్న జట్టులో పనిచేస్తూ పట్టుబడాలన్నది ఉద్యమ నిర్మాణంలోనే ఉంది. కాబట్టి కంఠస్థం కన్నా ముందు పని, పని తర్వాత పేరు, పేరుతోపాటు దాని చరిత్ర అన్న వరుస మేలని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. ప్రశ్న

పదేళ్ల అమ్మాయి బడిలో గైడ్‌గా చేరిందనుకుందాం. మొదటి కొద్ది వారాల్లోనే ఆమె చెవిన పడే మాటలు ఇవి: కంపెనీ, పేట్రోల్, పేట్రోల్ లీడర్, గైడ్ కెప్టెన్, కోర్ట్ ఆఫ్ ఆనర్, హార్స్‌షూ, స్కార్ఫ్, వోగల్, రీఫ్ నాట్, ప్రవేశ్, సోపాన్. వీటిలో కొన్ని ఇంగ్లిషు నుంచి, కొన్ని హిందీ నుంచి వచ్చాయి. ఉద్యమంలో పాడే ప్రార్థన వీర్ దేవ్ వీర్ రాసిన హిందీ గీతం. తెలుగు ఇంట పెరిగిన పిల్లకు ఇదంతా ఒకేసారి ఎదురవుతుంది. మూడు వేళ్లు ఎత్తి వందనం చేయాలి, ఎడమ చెయ్యి కలపాలి, ప్రతిజ్ఞ చెప్పాలి.

ఆమె వీటిని ఎలా నేర్చుకుంటుంది? పెద్దలు ఏ వరుసలో, ఏ వివరణతో నేర్పితే అవి ఆమె సొంతమవుతాయి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ముందు ఆ సంప్రదాయాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. ఒక ఆచారం ఎందుకు పుట్టిందో తెలియని గురువు దాన్ని ఆజ్ఞగా మాత్రమే అందించగలుగుతుంది.

2. ఆధారాలు, వాటి హద్దులు

ఇక్కడ వాడిన ఆధారాలు మూడు రకాలు. మొదటి రకం ఉద్యమం తానే అచ్చువేసుకున్న పత్రాలు: ఆగ్నెస్ బేడెన్-పావెల్ పేరుతో 1912లో వెలువడిన గైడ్ల చేతిపుస్తకం, స్కౌట్ ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్-పావెల్ 1918లో తెచ్చిన 'గర్ల్ గైడింగ్', వివిధ దేశాల ప్రతిజ్ఞా పాఠాలు. రెండో రకం పాఠ్యక్రమం: ఏ దశలో ఏది నేర్వాలో చెప్పే నియమాలు. మూడో రకం పరిశోధకుల రచనలు: బ్రిటన్ గైడ్ల మీద టామీ ప్రాక్టర్ రాసిన పుస్తకం, ఇంగ్లండ్, కెనడా, భారతదేశాల గైడ్లను కలిపి పరిశీలించిన క్రిస్టీన్ అలెగ్జాండర్ 2017 గ్రంథం, సంప్రదాయాలు రూపొందే తీరుపై ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో సంపాదకత్వం వహించిన వ్యాస సంపుటి.

ఈ ఆధారాలకు ఒక స్పష్టమైన హద్దు ఉంది. చేతిపుస్తకం చెప్పేది ఏం నేర్పాలనుకున్నారో. పిల్ల ఏం నేర్చుకుందో అది చెప్పదు. బ్యాడ్జి పుచ్చుకున్న రికార్డు పరీక్ష పూర్తయిందని చూపుతుంది, మనసులో ఏం మిగిలిందో చూపదు. అందుచేత సంప్రదాయాల పుట్టుక గురించి ఈ వ్యాసం కాస్త గట్టిగా మాట్లాడుతుంది, బాలికల అనుభవం గురించి ఆచితూచి మాట్లాడుతుంది.

3. పేర్లు పెట్టినవారు, మార్చినవారు

స్కౌట్ ఉద్యమం మగపిల్లల కోసం మొదలైంది. 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో ప్రయోగాత్మక శిబిరం జరిగింది, 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' వచ్చింది. ఆ పుస్తకం చదివిన అమ్మాయిలు ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా తమ జట్లు తామే కట్టుకున్నారు. 1909 సెప్టెంబరు 4న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన స్కౌట్ సమ్మేళనానికి కొందరు అమ్మాయిలు స్కౌట్ వేషంలోనే హాజరై, తామూ స్కౌట్లమేనని చెప్పుకున్నారు. మరుసటి సంవత్సరం, 1910లో, బేడెన్-పావెల్ చెల్లెలు ఆగ్నెస్ నాయకత్వంలో బాలికలకు వేరే సంస్థ ఏర్పడింది.

ఆ సంస్థకు పెట్టిన పేరు మన ఉపఖండం నుంచి వెళ్లింది. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ సమకూర్చి, తర్వాత మర్దాన్‌లో స్థిరపడిన 'కోర్ ఆఫ్ గైడ్స్' అనే సైనిక దళం వాయవ్య సరిహద్దులో పేరుమోసింది. భారతదేశంలో సైనికాధికారిగా పనిచేసిన బేడెన్-పావెల్ ఆ దళాన్ని తలచుకునే బాలికలకు 'గైడ్' అన్న పేరు ఎంచుకున్నాడు. అంటే తాము స్కౌట్లమని చెప్పుకున్న అమ్మాయిలకు పెద్దలు వేరే పేరిచ్చారు. తొలి రోజుల్లో అబ్బాయిల లాగే జంతువుల పేర్లతో జట్లు కట్టుకున్న అమ్మాయిలకు అధికారిక పథకం పూల పేర్లు సూచించింది. గులాబీ, కమలం వంటి పేట్రోల్ పేర్ల వెనుక ఉన్నది ఈ నిర్ణయమే. ఆడపిల్లకు ఏది తగును అన్న ఆనాటి ఊహ దానిలో ఉంది.

పేర్ల విషయంలో పెద్దల మాటే ప్రతిసారీ నెగ్గలేదు. గైడ్ వయసు రాని చిన్నపిల్లల కోసం 1914లో ఏర్పడిన విభాగానికి 'రోజ్‌బడ్స్' అని పేరు పెట్టారు. పిల్లలకు అది నచ్చలేదు. 1915లోనే దాన్ని 'బ్రౌనీలు'గా మార్చారు. జూలియానా హొరేషియా ఎవింగ్ రాసిన పిల్లల కథలో, ఇంటిపనుల్లో కనపడకుండా సాయం చేసే చిన్ని జీవుల పేరది. భారతదేశంలో ఇదే విభాగం మొదట 'బ్లూబర్డ్స్'గా, తర్వాత 'బుల్‌బుల్స్'గా కొత్త పేర్లు తెచ్చుకుంది. పరాయి జానపద కథ స్థానంలో తార అనే చిన్నపాప కథ వచ్చింది.

ఈ క్రమం నుంచి జాగ్రత్తగా తీయగల నిర్ధారణ ఇది: పేరు మారినా విభాగం చేయదలచిన పని, అంటే ఇంట్లో చిన్న సాయంతో మొదలయ్యే సేవ, కొనసాగింది. పేర్లను చరిత్రతో కలిపి చెబితే పిల్లల గౌరవం తగ్గుతుందని భయపడనక్కరలేదు. తమ వయసు పిల్లలకు నచ్చక ఒక పేరు మారిందని తెలిస్తే, ఆ ఉద్యమంలో తమకూ చోటుందని వారు గ్రహిస్తారు.

4. ప్రతిజ్ఞ, వందనం, స్మరణ దినం

మూడు వేళ్ల వందనం గైడ్ సంప్రదాయాల్లో అందరూ గుర్తుపట్టేది. ఆ మూడు వేళ్లు ప్రతిజ్ఞలోని మూడు భాగాలకు గుర్తులు: దైవం, దేశాల పట్ల కర్తవ్యం, ఇతరులకు సాయం, గైడ్ నియమ పాలన. మూడు రేకుల ట్రెఫాయిల్ చిహ్నం కూడా ఈ మూడింటినే సూచిస్తుంది. నార్వేకు చెందిన కారి ఆస్ రూపొందించిన ప్రపంచ చిహ్నంలో రెండు రేకుల మీది నక్షత్రాలు ప్రతిజ్ఞకూ నియమానికీ, మధ్యలోని ఈనె దిక్సూచి ముల్లుకూ, అడుగున ఉన్న ఆకారం మానవప్రేమ అనే జ్వాలకూ సంకేతాలు.

మరి వందనం సూచించే ప్రతిజ్ఞ స్థిరంగా ఉందా? పత్రాలు లేదనే చెబుతున్నాయి. మొదటి ప్రతిజ్ఞలో దేవుడితోపాటు రాజు ఉన్నాడు. స్వతంత్ర భారతంలో రాజు స్థానంలో దేశం వచ్చింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో 'దేవుడు' అన్న మాట బదులు 'ధర్మం' అనే వీలు ఉంది. అమెరికా గర్ల్ స్కౌట్లు 1993లో దేవుడు అన్న చోట తమ విశ్వాసానికి తగిన మాట చెప్పుకునే స్వేచ్ఛ ఇచ్చారు. బ్రిటన్‌లో 2013లో దైవ ప్రస్తావన తీసి, తనపట్ల తాను నిజాయితీగా ఉంటూ తన విశ్వాసాలను పెంపొందించుకుంటానన్న భావాన్ని చేర్చారు. మాటలు మారినా మూడు వేళ్లు అలాగే ఉన్నాయి. అబద్ధం చెప్పకుండా ప్రమాణం చేయగలగాలన్న పట్టింపే ఈ మార్పులకు దారి తీసిందని ఊహించడం సమంజసం. ప్రతి దేశంలో రాజకీయ, మత పరిస్థితులు వేరు కనుక ఒకే కారణాన్ని అన్నిటికీ అంటగట్టడం మాత్రం సరికాదు.

ఫిబ్రవరి 22న జరిపే ప్రపంచ స్మరణ దినం, అంటే వరల్డ్ థింకింగ్ డే, దశలవారీగా ఎదిగిన వేడుకకు మంచి ఉదాహరణ. అది రాబర్ట్, ఆయన భార్య ఓలేవ్ ఇద్దరి పుట్టినరోజు. 1926లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎడిత్ మేసీ శిబిరంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆ తేదీని ఎంచుకుంది. 1928లో హంగరీలోని పరాద్‌లో ప్రపంచ గైడ్ల సంఘం ఏర్పడింది, దాని వ్యవస్థాపక సభ్యుల్లో భారతదేశమూ ఉంది. 1932లో పోలండ్‌లోని బుచేలో జరిగిన సమావేశంలో ఒక బెల్జియం ప్రతినిధి, పుట్టినరోజంటే కానుక ఉండాలి కదా అని సూచించడంతో చిన్న విరాళం సేకరించే ఆనవాయితీ చేరింది. పేరు ముందు 'ప్రపంచ' అన్న మాట 1999లో ఐర్లండ్ సమావేశంలో చేరింది. ఈ చరిత్ర చెప్పడానికి తరగతిలో కొద్ది నిమిషాలు చాలు. అప్పుడు పిల్ల తెచ్చిన నాణేనికి కారణం ఉంటుంది.

5. ఎడమచేతి కరచాలనం: కథ, సాక్ష్యం

స్కౌట్లు, గైడ్లు ఎడమ చేయి కలుపుతారు. మన ఇళ్లలో కుడిచేత్తోనే ఇచ్చిపుచ్చుకోవాలని నేర్పిన పిల్లకు ఇది వింతగా తోచడం సహజం. దీనికి ఎక్కువగా చెప్పే వివరణ ఒక ఆఫ్రికా కథ. నేటి ఘనాలోని అశాంతి రాజధాని కుమాసీలో ఒక యోధుడు బేడెన్-పావెల్‌కు ఎడమ చేయి చాచాడట. ఎడమ చేతిలో డాలు ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చేయి కలపడం నమ్మకానికీ ధైర్యానికీ గుర్తని వివరించాడట. ఎడమ చేయి గుండెకు దగ్గర అన్నది మరో వివరణ.

ఇక్కడ మూడు సంగతులు విడదీయాలి. కరచాలనం ఉద్యమంలో ఉందనడానికి సాక్ష్యం పుష్కలం. బేడెన్-పావెల్ 1895–96లో అశాంతి రాజు ప్రెంపెను పదవీచ్యుతుణ్ణి చేసిన బ్రిటిష్ దండయాత్రలో పాల్గొన్నాడనడానికీ సాక్ష్యం ఉంది. దాని మీద ఆయన 1896లో పుస్తకమే రాశాడు. ఈ రెంటినీ కలిపే సంభాషణ మాత్రం ఉద్యమం లోపల చెప్పుకుంటూ వచ్చిన కథ. ఒకే ఆచారానికి రెండు మూడు వివరణలు ప్రచారంలో ఉన్నప్పుడు, వాటిలో కనీసం కొన్ని ఆచారం పుట్టిన తర్వాత చేరినవై ఉంటాయని భావించడం న్యాయం.

మరో సంగతి కూడా పిల్లలకు దాచకూడదు. ఆ కథలో స్నేహంగా చేయి అందుకున్న మనిషి అక్కడికి వెళ్లింది జయించే సైన్యంతో. కథ ఆ భాగాన్ని పక్కన పెడుతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు. 'డాలు దించి చేయి కలపడం నమ్మకానికి గుర్తు అని గైడ్లు భావిస్తారు. దాని గురించి ఒక కథ చెబుతారు. ఆ కాలంలో అక్కడ నిజంగా జరిగింది ఇది' అని మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. అలా చెప్పినంత మాత్రాన కరచాలనం విలువ పోదు. నమ్మకం గురించిన సంకేతాన్ని నిజాయితీ లేని వివరణ మీద నిలబెట్టడమే దానికి హాని.

6. భారతదేశంలో మెట్లు

భారతదేశంలో గైడ్ ఉద్యమం 1911లో జబల్‌పూర్‌లో మొదలైంది. తొలి దళాలు ప్రధానంగా యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ బాలికలవి. తరువాతి సంవత్సరాల్లో భారతీయ బాలికలకూ తలుపులు తెరుచుకున్నాయి. స్వాతంత్ర్యం తర్వాత 1950 నవంబరు 7న వేర్వేరు స్కౌట్ సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాయి. 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంఘం అందులో చేరింది. ఈ సంస్థ మొదటి జాతీయ జంబోరీ 1953లో హైదరాబాదులోనే జరిగింది. సంస్థ లెక్కలో రైల్వే జోన్లు కూడా రాష్ట్ర సంఘాలతో సమానం కనుక, సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేకు తనదైన శాఖ ఉంది. రైల్వే కాలనీల పిల్లలు గైడింగ్ నేర్చే దారుల్లో అదొకటి.

పాఠ్యక్రమం మెట్లుమెట్లుగా సాగుతుంది. చిన్న వయసు బుల్‌బుల్స్ 'ఫ్లాక్'గా కూడతారు. ప్రవేశ్ తర్వాత వారికి కోమల్ పంఖ్, రజత్ పంఖ్, స్వర్ణ పంఖ్, హీరక్ పంఖ్ అనే దశలు. పదేళ్లు నిండాక గైడ్ కంపెనీ. అక్కడ ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆపైన రాజ్య పురస్కారం, రాష్ట్రపతి పురస్కారం. ఆ తర్వాతి వయసువారు రేంజర్లు. బుల్‌బుల్ ఆదర్శం శాయశక్తులా ప్రయత్నించడం, గైడ్ ఆదర్శం సిద్ధంగా ఉండడం, రేంజర్ ఆదర్శం సేవ. మూడు ఆదర్శాలనూ వరుసగా చదివితే పాఠ్యక్రమ రచయితల ఆలోచన కనిపిస్తుంది: ముందు ప్రయత్నం, దాని నుంచి నైపుణ్యం, నైపుణ్యం నుంచి సేవ.

ప్రవేశ్ దశలో ఉన్న ఒక చిన్న అంశం ఈ వ్యాసానికి చాలా ముఖ్యం. కొత్త పిల్ల ఇంట్లో రోజూ ఒక మంచి పని చేసి, దాన్ని డైరీలో రాసుకోవాలి. ప్రతిజ్ఞలోని 'ఇతరులకు సాయం' అన్న మాట ఆమె నోట పలికే ముందే చేతిలోకి వస్తుందన్నమాట. నాయనమ్మకు మందులు అందించిన రోజు, తమ్ముడికి లెక్కలు చెప్పిన రోజు ఆ డైరీలో ఉంటే, దీక్షనాడు చేసే ప్రమాణం ఆమె జీవితం గురించిన మాట అవుతుంది. ఎక్కడైనా ఆ డైరీని చివరి రోజున ఒక్కసారిగా పూరిస్తే, పాఠ్యక్రమం ఉన్నా దాని ప్రాణం పోయినట్టే.

7. జట్టులో నేర్చుకోవడం

గైడ్ కంపెనీలో అసలు బడి పేట్రోల్. ఆరుగురి నుంచి ఎనిమిది మంది అమ్మాయిలు, వారిలో ఒకరు లీడర్. పేట్రోల్ లీడర్లందరూ గైడ్ కెప్టెన్‌తో కూర్చునే సభ కోర్ట్ ఆఫ్ ఆనర్. కార్యక్రమాలు, క్రమశిక్షణ, కంపెనీ గౌరవానికి సంబంధించిన విషయాలు అక్కడ మాట్లాడుకుంటారు, కెప్టెన్ సలహాదారుగా ఉంటుంది. ఈ ఏర్పాటు సక్రమంగా నడిస్తే పన్నెండేళ్ల అమ్మాయి సభలో తన జట్టు తరఫున మాట్లాడుతుంది. 'కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటే ఏమిటి' అన్న ప్రశ్నకు ఆమె దగ్గర నిర్వచనం కన్నా మంచి జవాబు ఉంటుంది.

పని ద్వారా సభ్యత్వం వస్తుందన్న ఆలోచనను జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వెలువరించిన చిన్న గ్రంథంలో వివరించారు. లైబీరియాలోని వాయ్, గోలా దర్జీల దగ్గర శిష్యులు ముందుగా గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెడతారు. బట్ట కత్తిరించడం తర్వాత వస్తుంది. తప్పు చేస్తే నష్టం తక్కువగా ఉండే చోట కొత్తవాడు నిలబడి, చుట్టూ జరిగే మొత్తం పనిని చూస్తాడు. ఈ గ్రంథం గైడ్ల గురించి రాసింది కాదు కనుక దాన్ని రుజువుగా చూపలేం. అయినా పేట్రోల్‌లో కొత్త పిల్ల స్థానాన్ని అర్థం చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. శిబిరంలో ఆమె మొదట తాడు పట్టుకుంటుంది. పక్కనున్న అక్క క్లోవ్ హిచ్ వేస్తుంటే చూస్తుంది. మరో రోజు తానే వేస్తుంది. గుడారం నిలబడితే ముడి సరిగా పడిందని తెలుస్తుంది, ఊడిపోతే ఎక్కడ తప్పిందో తాడే చెబుతుంది. ఆ ముడి పేరు ఆమె మరిచిపోదు.

దీక్షా కార్యక్రమాన్ని మరో వెలుగులో చూడవచ్చు. ఫ్రెంచి పరిశోధకుడు ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో, జీవితంలోని దశ మార్పు వేడుకల్లో మూడు భాగాలు గుర్తించాడు: పాత స్థితి నుంచి విడిపోవడం, మధ్యస్థ దశ, కొత్త స్థితిలో చేరడం. ప్రవేశ్ కాలం మధ్యస్థ దశలా, హార్స్‌షూ ఆకారంలో నిలబడిన కంపెనీ ముందు ప్రతిజ్ఞ చేసి బ్యాడ్జి అందుకోవడం చేరికలా అమరుతాయి. ఈ పోలిక నిర్మాణాన్ని చూపుతుంది. ఉద్యమ స్థాపకులు ఆ సిద్ధాంతాన్ని అనుసరించారని చెప్పడానికి ఇది సాక్ష్యం కాదు. బోధనకు పనికొచ్చే సంగతి మాత్రం ఒకటుంది. మధ్యస్థ దశను హడావిడిగా ముగిస్తే చివరి వేడుక బరువు కోల్పోతుంది.

8. అమెరికా కొమ్మ, అక్కడి తెలుగు పిల్లలు

ఇదే చెట్టుకు మరో కొమ్మ అమెరికా గర్ల్ స్కౌట్లు. 1912 మార్చి 12న జార్జియా రాష్ట్రంలోని సవానాలో జూలియెట్ గోర్డన్ లో 18 మంది అమ్మాయిలతో దాన్ని ప్రారంభించింది. మొదట గైడ్లన్న పేరే ఉన్నా, మరుసటి ఏడాదే గర్ల్ స్కౌట్లుగా మారారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆడపిల్లలు ఇప్పుడు డైసీలు, బ్రౌనీలుగా చేరుతున్నారు. డైసీ అన్నది జూలియెట్ ముద్దుపేరు. ఆ పేరుతో విభాగం వచ్చింది 1984లో.

అక్కడి పదజాలం వేరు. పై దశకు వెళ్లే వేడుక 'బ్రిడ్జింగ్', చాలాచోట్ల నిజంగానే చిన్న వంతెన దాటిస్తారు. పనుల వంతుల పట్టిక 'కేపర్ చార్ట్'. నేల మీద వేసుకు కూర్చునేందుకు పిల్లలే చేసుకునే ఆసనం 'సిట్-అపాన్'. ముగింపులో చేతులు అడ్డంగా పట్టుకుని నిలబడి, పక్కవారి చేయి నొక్కుతూ ఆ స్పర్శను చుట్టూ పంపేది 'ఫ్రెండ్‌షిప్ సర్కిల్'. ఈ మాటలన్నీ ఒక పనికో వస్తువుకో కట్టుబడి ఉండటం గమనించాలి. కేపర్ చార్ట్‌లో తన వంతు వచ్చి గిన్నెలు కడిగిన పిల్లకు ఆ మాట వివరించనక్కరలేదు.

ఈ ఉద్యమ చరిత్రలో చీకటి భాగమూ ఉంది. నాష్‌విల్‌లో నల్లజాతి బాలికల కోసం జోసెఫీన్ హాలోవే ఏళ్లపాటు నడిపిన దళానికి అధికారిక గుర్తింపు 1942లో గానీ రాలేదు. అందరూ అక్కచెల్లెళ్లన్న నియమాన్ని చదివే పిల్లలకు, ఆ నియమం కొందరికి ఎంతకాలం వర్తించలేదో కూడా చెప్పాలి. ఆదర్శం, ఆచరణ వేరుపడిన చోటు చూపడం నిజమైన పౌరశిక్షణ.

9. బోధనకు సూచనలు

పై ఆధారాల నుంచి గైడ్ కెప్టెన్లకు, ఫ్లాక్ లీడర్లకు కొన్ని సూచనలు చేయవచ్చు. ఇవి పరీక్షించదగిన ప్రతిపాదనలు. ఏ కంపెనీ అయినా ఒక సంవత్సరం పాటు ఆచరించి ఫలితం చూడవచ్చు.

మొదటిది, పదాల జాబితాతో మొదలుపెట్టవద్దు. ముడి వేయించి పేరు చెప్పాలి. సభ జరిపించి కోర్ట్ ఆఫ్ ఆనర్ అనాలి. పదాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉన్నా వివరణ, చర్చ, డైరీ పిల్ల తెలుగులో సాగితే అర్థం ఆమెకు అందుతుంది.

రెండోది, కొత్తవారికి నేర్పే బాధ్యతలో పెద్ద భాగం పేట్రోల్‌లోని పెద్ద పిల్లలకు ఇవ్వాలి. కెప్టెనే అన్నీ చెబితే పేట్రోల్ పద్ధతి పేరుకే మిగులుతుంది.

మూడోది, ప్రతి సంప్రదాయాన్ని చెప్పేటప్పుడు తేదీ తెలిసినది, ఉద్యమంలో చెప్పుకునే కథ, మనం ఇచ్చుకునే అర్థం అని మూడుగా విడదీయాలి. పిల్లలు కథను ప్రేమిస్తారు, అది కథ అని తెలిసినా ప్రేమిస్తారు.

నాలుగోది, ప్రతి కంపెనీ లాగ్‌బుక్ రాయాలి, భద్రపరచాలి. తెలుగు నేల మీద గైడింగ్ చరిత్రకు కావలసిన ముఖ్యమైన ముడిసరుకు బడి బీరువాల్లోని లాగ్‌బుక్కులు, శిబిరాల ఫొటోలు, ఇప్పుడు అమ్మమ్మలైన పాత గైడ్ల జ్ఞాపకాలు. ఆ అమ్మమ్మలతో మాట్లాడి, వారి మాటలు నమోదు చేయడం నేటి గైడ్లకే అప్పగించవచ్చు. ఏం నేర్పారన్నది పుస్తకాల్లో ఉంది. ఏం మిగిలిందన్నది చెప్పగలిగేది వారే.

ముగింపు

గైడ్ సంప్రదాయాలను పరిశీలిస్తే అవి దాదాపు అన్నీ తెలిసిన మనుషులు తెలిసిన సంవత్సరాల్లో చేసినవని, అవసరం వచ్చినప్పుడు మార్చుకున్నవని తేలుతుంది. ఆ మార్పుల్లో కొన్నిటికి అమ్మాయిల పట్టుదలే కారణం. 1909లో పిలవని సమ్మేళనానికి వెళ్లినవారు, 1915లో తమకు నచ్చని పేరును వదిలించుకున్నవారు పిల్లలే. కాబట్టి ఈరోజు ఒక బాలిక 'ఇలా ఎందుకు చేస్తాం?' అని అడిగితే ఆమె సంప్రదాయానికి ఎదురుచెప్పడం లేదు, ఆ సంప్రదాయాన్ని నిర్మించినవారి వరుసలో నిలబడుతోంది. ఆ ప్రశ్నకు ఆధారంతో జవాబు చెప్పడం ఆమెకు నేర్పేవారి బాధ్యత.